గుడ్లదొంగ

ఆగస్టు 3, 2018

ఫోనెత్తని నా బిందుకి,

అమ్మ కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువుకో.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఇప్పటికి పదకొండుసార్లు చేశాను. నువ్వు ఒక్కసారీ ఎత్తలేదు. మూడుసార్లు మీ ఆయన ఎత్తి, "పడుకుంది అత్తయ్యగారూ" అన్నాడు. పొద్దున్న పదకొండింటికి పడుకునే పిల్లవా నువ్వు? ఆనంద్‌కుమార్‌కి రైల్వే ఉద్యోగం బాగానే వచ్చుగానీ అబద్ధమాడటం రాదు. అయినా ఫోన్లో నాకు సగం మాటే వస్తుంది, మిగతా సగం తిట్లయిపోతాయి. అందుకని నీ పాత నోట్సులోంచి ఖాళీ కాగితాలు చింపి రాస్తున్నాను. పదో తరగతి ప్యాసైనదాన్ని, కూతురికి ఉత్తరం రాసుకోలేకపోను.

నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "అమ్మా, పురిటికి నేను రాను. డాక్టరమ్మ వద్దంది. మన పెరట్లో పక్షుల రెట్ట గాలి పసిపిల్లకి మంచిది కాదంట" అని ఒక్క గుక్కలో అనేసి పెట్టేశావు. తొలికాన్పు పుట్టింట్లో కాక కొత్తవలస రైల్వే క్వార్టర్లో ఎలా చేస్తావే? శ్రావణంలో వచ్చి నిన్ను తీసుకొద్దామని కొత్త చాప కొన్నాను, మంచం నవారు బిగించాను, నీ గదికి సున్నం కొట్టించాను. అదంతా ఇప్పుడు ఆ గూడబాతుల కోసం చేసినట్టయింది.

ఇరవయ్యారేళ్ళ నుంచి మన పెరటి చింతచెట్టు కింద బతుకుతున్నాను. కాపరానికొచ్చిన ఏడు మీ నాయనమ్మ చీపురు చేతికిచ్చి, "ఇవి మన ఆడపిల్లలమ్మా, ఏటా పురిటికొస్తాయి" అంది. ఆవిడ పోయింది, చీపురు నాకు మిగిలింది. ఏటా సెప్టెంబరు ఆఖరు వచ్చేసరికి ఆ సంచిమూతుల గూడబాతులన్నీ చెట్టు మీద దిగుతాయి. తంపర చిత్తడి నీళ్ళలో చేపలు మింగొచ్చి మన పెరట్లో కక్కుతాయి. ఆరేసిన బట్ట మిగలదు, మూత లేని కుండ మిగలదు. పిల్లలు చేసే నాటికి ఆ కంపుకి చుట్టాలు గుమ్మంలోంచే పలకరించి పోతారు. ఊరంతటికీ అవి ఆడపిల్లలే. రెట్ట ఊడ్చేది మాత్రం నేను ఒక్కదాన్నే.

నీకు అమ్మడు పెద్దమ్మ సంగతి చెప్పాను, పూర్తిగా చెప్పలేదు. మా అక్కకి తొలికాన్పుకి ఎనిమిదో నెల వచ్చినా అత్తవారు పంపలేదు. కోతల రోజులు, ఇంట్లో మనిషి తక్కువైపోతుందని. మా నాన్న రెండుసార్లు బండి కట్టుకెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాడు. మూడోసారి వెళ్ళేసరికి గుర్రపువాతం కమ్మి, ఒళ్ళంతా బిగుసుకుపోయి, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. కాళ్ళు వాచాయనీ తల పగిలిపోతోందనీ అది పదిరోజుల నుంచి చెబుతూనే ఉందట. వినే అమ్మ పక్కన లేదు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నా కడుపున ఆడపిల్ల పుడితే దాని పురుడు నా చేతుల్లోనే పొయ్యాలని ఆ రోజు అనుకున్నాను. అది మూఢనమ్మకమని అను, ఏమన్నా అను. నేను చచ్చేవరకూ ఆ మాట మీదే ఉంటాను.

అందుకే నిన్న ఉమాపతి మావ దగ్గరికెళ్ళాను. ఊళ్ళో పెద్ద ఆయనే కదా, చెట్టు నాదైనా కొట్టాలంటే ఆయన ఊ అనాలి. పక్షులు దిగకముందే కొట్టేస్తానని చెప్పాను. అరుగు మీద కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఏటే కూర్మమ్మా, మతి గాని పోనాదా? పురిటికొచ్చిన ఆడపిల్లల్ని గుమ్మంలోంచి గెంటెత్తావా?"

"మరి నా ఆడపిల్ల మాటేటి మావా?"

"నీ పిల్లకి ఆస్పత్రులున్నాయి. ఈటికేటున్నాది?"

అక్కడున్న నలుగురూ తలాడించారు. మీ నాన్న కూడా అక్కడే ఉన్నాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు, అంతే. ఎర్రన్న అంటే నెమ్మదస్తుడని ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ నెమ్మదితో కాపరం చేసేది నేను.

అసలు తప్పు నీది కూడా. ఆరో తరగతి నుంచీ కిటికీలో కూర్చుని గూళ్ళు లెక్కపెట్టి నోట్సులో రాసుకున్నది ఎవరు? సైన్సు టీచరమ్మవయ్యాక ఒక పేపరు ముక్క పట్టుకొచ్చి, బర్మాలో గట్టిపడిన చెట్టుబంకలో పిచ్చుకంత డైనోసార్ తోక దొరికింది, దానికి ఈకలున్నాయి, అంటే మన పక్షులు డైనోసార్ల వంశమే అని నాకూ మీ నాన్నకీ పాఠం చెప్పావు. "అవన్నీ చచ్చిపోయాయనుకుంటారమ్మా, మన చింతచెట్టు మీద కూర్చున్నాయి" అన్నావు. అన్నీ పోయిన రోజున వీటిని మాత్రం ఎవరు మిగల్చమన్నారే? ఆ గుడ్లదొంగ కథ చెప్పినప్పుడైతే నీ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఎక్కడో ఎడారిలో గుడ్ల పక్కన ఒక డైనోసార్ బొమికలు దొరికితే, గుడ్లు దొంగిలించబోయి చచ్చిందని దానికి దొంగ పేరు పెట్టారు. డెబ్బయ్యేళ్ళ తరవాత చూస్తే ఆ గుడ్లు దాని జాతివే, అది పొదగడానికి కూర్చున్నదే. పాపం డెబ్బయ్యేళ్ళు నింద మోసిందమ్మా అని బాధపడ్డావు. బొమికల మీద ఉన్న జాలి అమ్మ మీద లేదు నీకు.

ఒకటి మాత్రం రాసిపెట్టుకో. వచ్చే ఏటికి ఆ చెట్టు ఉండదు.

నీ అమ్మ,
కూర్మమ్మ


సెప్టెంబరు 22, 2018

నా మొండి బిందుకి,

నా ఉత్తరం అందిందని మీ నాన్న ఫోన్‌కి మెసేజ్ పెట్టావట. "అమ్మని కంగారు పడొద్దను. నేను బాగున్నాను" అని. అంతేనా? నాలుగు పేజీలకి రెండు ముక్కలా? కంగారు పడొద్దంటే పడకుండా ఉండటానికి నేనేమైనా రాయినా?

ఈ ఉత్తరం చదివి చింపెయ్. ఆనంద్‌కి కూడా చూపించకు.

నేనొక పని చేశాను. మా నాయనమ్మ చెప్పేది, వేరుకి ఇంగువ పెడితే ఎంతటి చెట్టైనా పైకి తెలియకుండా లోపల్లోపలే ఎండిపోతుందని. ఊరి కొట్లో కొంటే మర్నాటికి జగ్గమ్మ పిన్ని వచ్చి ఏం వండావని అడుగుతుంది. అందుకని నౌపడలో రైలెక్కి ఆమదాలవలస పోయాను. బజార్లో షావుకారు ముద్ద ఇంగువ కాగితంలో కడుతూ, "ఇంత ఇంగువేటమ్మా, ఊరంతటికీ పులుసు పెడతావేటి?" అని నవ్వాడు.

"మా పాప పురిటికి బాబూ. బాలింత కారానికి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"తొలికాన్పేటి? అయితే ఇది కాదు, మంచిది ఇస్తాను ఉండు" అని లోపల్నుంచి వేరే డబ్బా తెచ్చాడు. "సుకంగా పెసవం అవ్వాల. ఎల్లిరా" అన్నాడు. రైల్లో ఒళ్ళో ఆ పొట్లం పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న వాళ్ళందరూ ముక్కు ఎగబీల్చి చూస్తున్నారు. నాకు దొంగసరుకు తెస్తున్నట్టే అనిపించింది.

ఊరంతా నాట్లకి పోయిన రోజు మధ్యాహ్నం గునపంతో వేళ్ళ మొదట్లో మూడు కన్నాలు పొడిచాను, మోచేతి లోతున. ఇంగువ కూరి పైన మన్ను మెత్తి పేడతో అలికేశాను. చేతులు ఎన్నిసార్లు తోముకున్నా వాసన పోలేదు. ఆ రాత్రి మీ నాన్న అన్నం ముందు కూర్చుని, పప్పు బాగుందన్నాడు. ఆ పూట పప్పులో ఇంగువ వెయ్యలేదు.

నాలుగు వారాలకి రోడ్డు వైపు కొమ్మ పసుపెక్కింది. ఒక్క కొమ్మే. దాన్ని చూసి నాకు సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈ లెక్కన వచ్చే ఏటికి ఎండుకట్టె అయిపోతుంది, అప్పుడు ఏ ఉమాపతి మావా అడ్డుపడడు అనుకున్నాను. నీ బిడ్డ పుట్టాకైనా పదిరోజులు నా ఇంట్లో ఉండే రోజు వస్తుంది కదా అనుకున్నాను.

కానీ ఈ ఏడు అవి ముందే దిగాయి. వినాయకచవితికి ఒక రోజు ముందు, పొద్దున్నే. చెట్టు పచ్చగా ఉందా ఎర్రగా ఉందా అని అవేం చూడలేదు. ఎప్పటి కొమ్మల మీద అప్పటిలాగే కూర్చుని సంచిమూతులు ఊపుకుంటూ సర్దుకున్నాయి. ఊరి ఆడవాళ్ళు ఏటాలాగే చెట్టు మొదట్లో పొయ్యడానికి పసుపునీళ్ళ చెంబులు పట్టుకుని మన పెరట్లోకి వచ్చేశారు. జగ్గమ్మ పిన్ని నా చేతికి చెంబు ఇచ్చింది.

"ముందు నువ్వే పొయ్యే కూర్మమ్మా. నీ ఇంటికొచ్చిన ఆడపిల్లలు. అన్నట్టు నీ పిల్ల ఎప్పుడొస్తాది?"

"వస్తాది పిన్నీ, వస్తాది" అని చెట్టు మొదట్లో పోశాను. ఇంగువ కూరిన చోటే పోశాను. మిగతా వాళ్ళు బొట్టు పెడుతుంటే లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది, వాళ్ళ మీద కోపం వచ్చింది. ఎక్కడివో పక్షులకి పురుడు పోస్తున్న ఊరు, నా కూతురు ఎందుకు రావడం లేదని ఒక్కసారి గట్టిగా అడగలేదు. నేనూ నిజం చెప్పలేదు. నా పిల్ల ఈ కంపుకి రానందని చెప్పుకోవడానికి నాకు నామర్దా.

నీకు ఏడో నెల వెళ్ళిపోతోంది. కాళ్ళు వాస్తున్నాయా? తలనొప్పి ఏమైనా ఉందా? ఈ రెండు ముక్కలకైనా జవాబు రాయి.

నీ అమ్మ,
కూర్మమ్మ


అక్టోబరు 20, 2018

బిందూ,

మేం ఇద్దరం బాగానే ఉన్నాం. తుఫానుకి వంటింటి పెంకులు పోయాయి, ఆవు బతికింది. కరెంటు లేక పదిరోజులు. ఫోన్లు అన్నీ చచ్చాయి. శ్రీకాకుళం వెళ్ళే వాళ్ళ చేతికిచ్చి ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యమంటాను.

చెట్టు పడిపోయింది.

తిత్లీ అట తుఫాను పేరు. ఏదో చిన్నపిల్ల పేరులా ఉంది. తెల్లవారుజామున మొదలైంది. గాలి మాట్లాడనివ్వలేదు, మీ నాన్న నా పక్కనే కూర్చుని ఏదో అంటుంటే పెదాలు కదలడమే కనిపించింది. తలుపుకి రోలు అడ్డం పెట్టి ఇద్దరం దాన్ని ఒత్తిపట్టుకున్నాం. ఒక దెబ్బకి నేల అదిరింది. అదే అని నాకు తెలిసిపోయింది. తెల్లారాక తలుపు తీస్తే ఎప్పుడూ చెట్టు ఉండే చోట ఆకాశం ఉంది. ఇల్లు వదిలి, ఇంటికి అవతలవైపు పడింది. ఇంటి మీద పడి ఉన్నా నాకింత బాధ ఉండేది కాదేమో.

కొమ్మల కింద ఎన్ని పక్షులున్నాయో నేను లెక్కపెట్టలేదు. ఊరు ఊరంతా వచ్చి తీశారు. బతికినవాటిని జగ్గమ్మ పిన్ని పశువుల శాలలో గోనెల మీద పడుకోబెట్టారు. తనకే ఇంటి మీద కప్పు లేదు, పిన్ని వాటికి చేపలు వెతుక్కొచ్చింది. ముందు దిగినవి కదా, పైకొమ్మల్లో అప్పటికే గుడ్లు పెట్టేశాయి. ఒక గూడు కొమ్మతో సహా కిందికొచ్చింది, చెక్కుచెదరలేదు. దాని మీద తల్లి కూర్చునే ఉంది. రెండు రెక్కలూ గూటి చుట్టూ చాపి, మెడ వాల్చేసి. బతికే ఉందనుకుని నేను "ష్, ష్" అన్నాను. కదల్లేదు. రెక్క ఎత్తి చూస్తే కింద రెండు గుడ్లు, ఒకటి పగలనే లేదు. చల్లగా ఉంది.

నీ గుడ్లదొంగ గుర్తొచ్చిందే బిందూ. ఇసక తుఫానొచ్చినా గుడ్ల మీంచి లేవకుండా చేతులు చాపుకుని అలాగే చచ్చి రాయైపోయినవి కూడా దొరికాయని చెప్పావు కదా. అప్పుడు నేను బియ్యం చెరుగుతూ ఊ కొట్టాను. అక్కడ నిలబడి ఆ గుడ్డు చేతిలో పట్టుకుంటే తెలిసింది నువ్వు ఏం చెప్పావో.

ఇది ఎవరికీ తెలీదు, నీకే చెబుతున్నాను. పడిన మూడో రోజు రంపాలు తెచ్చి మొదలు కోశారు. కోస్తుంటే వేళ్ళ దగ్గర్నుంచి గుప్పుమని వాసన వచ్చింది. వానకి తడిసిన ఇంగువ. రంపం పట్టిన ఎల్లాజీ ఆగి, "ఇదేటి వాసనరా?" అన్నాడు. మీ నాన్న ముందుకొచ్చి, వంగి, ఆ కన్నాల్లో ఒకదాన్ని చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు. తరవాత గుప్పెడు బురద తీసి దాని మీద కప్పేసి, "పచ్చుల రెట్టరా. ఏళ్ళ తరబడి ఇంకినాది. కొయ్యండి" అన్నాడు. ఇప్పటిదాకా ఆ సంగతి నాతో ఎత్తలేదు. తిట్టినా బాగుండును. వారం నుంచి ఆయన చూపు తప్పించుకుని తిరుగుతున్నాను.

ఊళ్ళో ముప్ఫైకి పైగా చెట్లు పడ్డాయి. అన్నిటికీ నేను ఇంగువ పెట్టలేదు, నిజమే. కానీ పక్కింటివాళ్ళ చింతచెట్టు మన దానికంటే ముసలిది, అది నిలబడింది. అందరూ నా దగ్గరికొచ్చి, నీ పెరడు బోసిపోనాదే అని ఓదారుస్తున్నారు. ఉమాపతి మావ నా తల మీద చెయ్యి వేసి ఏడ్చాడు. ఆ చెయ్యి తీసెయ్యమని అరవాలనిపించింది.

నువ్వు కోరుకున్నది అయింది. పెరడు శుభ్రంగా ఉంది, బట్టలు తెల్లగా ఆరుతున్నాయి. ఇంట్లో కంపు లేదు. నువ్వు రావచ్చు.

నీ అమ్మ


విశాఖపట్నం,
అక్టోబరు 30, 2018

అమ్మా,

ఈ ఉత్తరం ఆనంద్ చేతికిచ్చి పంపిస్తున్నాను. నిన్ను తీసుకురమ్మని చెప్పాను. రైలెక్కాకే చదువు. ఇంట్లో చదివితే నువ్వు చెప్పులు లేకుండా బయల్దేరతావు.

నేను ఆసుపత్రిలో ఉన్నాను. రేపు కాదు ఎల్లుండి ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తామన్నారు. భయపడకు. ఇక్కడ గంటగంటకీ వచ్చి చూస్తున్నారు, మందు ఇస్తున్నారు. పెద్దమ్మకి లేనివన్నీ నా చుట్టూ ఉన్నాయి. అవును అమ్మా, గుర్రపువాతానికి దారితీసే ఆ బీపీయే నాది కూడా. జులైలో బయటపడింది. నువ్వు రెండో ఉత్తరంలో అడిగావే, కాళ్ళు వాస్తున్నాయా అని. వాచాయి. జవాబు రాయడానికి కూర్చుని మూడుసార్లు కాగితం చింపేశాను.

డాక్టరమ్మ పక్షుల మాట ఎత్తనే లేదు. మన పెరట్లో పక్షులున్నాయని ఆవిడకి తెలీదు కూడా. పెద్దాసుపత్రికి దగ్గర్లో ఉండాలి, ప్రయాణాలు వద్దు అని మాత్రమే చెప్పింది. ఆ మాట నీకెలా చెప్పను? నాకు పదేళ్ళప్పుడు వీధిలో ఎవరికో కాన్పు కష్టమైందని విని నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. గుర్రపువాతం అన్న మాట వింటేనే నీ చేతులు చల్లబడతాయి. నాకు బీపీ అని తెలిస్తే బిడ్డ పుట్టేలోపు నువ్వు మిగలవనుకున్నాను. ఏదో ఒక వంక చెప్పాలి. అత్తయ్యగారి మీద పెడితే నువ్వు జీవితాంతం ఆవిడతో మాట్లాడవు. ఆనంద్ మీద పెడితే అతను ఒక్కరోజులో బయటపడిపోతాడు. పక్షుల మీద పెట్టాను. అవి వచ్చి కాదని చెప్పవు కదా.

నీకు కోపం వస్తుంది, నాలుగు రోజులు నన్నూ వాటినీ తిడతావు, అయిపోతుంది అనుకున్నాను. నా పిచ్చి. నువ్వు నా కోసం గునపం పడతావని నాకు తట్టనే లేదు. ఇంగువ సంగతి రాసినప్పుడైనా చెప్పాల్సింది. అప్పటికే పెట్టేశావు, ఒక కొమ్మే ఎండింది, మిగతా చెట్టుకేం కాదులే, పురుడయ్యాక అన్నీ ఒకేసారి చెప్పుకుందాం అని ఊరుకున్నాను. సైన్సు చదివిన దాన్ని, అంతకంటే తెలివి లేకపోయింది.

ఇంగువ వల్ల పడిందా, గాలికి పడిందా అని నన్ను అడగకు. తెలీదు. నీ మనసు కుదుట పడటానికి ఒక మాట చెప్పగలను, కానీ మళ్ళీ ఇంకో అబద్ధం నీకు చెప్పను. నాన్న కూడా కన్నం మీద బురద వేసి రెట్ట అన్నారని రాశావు. చూశావా, ఇంట్లో ముగ్గురం, మూడు తప్పులు, మూడూ ఆ పక్షుల నెత్తినే వేశాం. గుడ్లదొంగ అని పేరు పెట్టినవాళ్ళని తప్పుపట్టాను నేను. మూడు నెలల నుంచి నేను చేసింది అదే.

త్వరగా రా అమ్మా. భయం నీకే కాదు, నాకూ వేస్తోంది.

నీ బిందు


డిసెంబరు 2, 2018

అబద్ధాలకోరు బిందుకి,

పదిహేడు రోజులు నీ పక్కనే ఉన్నా ఆ సంగతి నువ్వు ఎత్తలేదు, నేను ఎత్తలేదు. పసిదాన్ని అద్దాల పెట్టెలో పెట్టి వేడి ఇస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు దాని బరువు పెరుగుతోందని ఆనంద్ చెప్పాడు కాబట్టి, నీకు బీపీ దిగింది కాబట్టి, తిట్టడానికి కూర్చున్నాను.

నీ ఉత్తరం రైల్లో చదివాను. విజయనగరం దాటేదాకా నిన్ను తిట్టాను, లోపల్లోపల. కన్నతల్లికి రోగం దాచిపెట్టే పిల్ల ఎక్కడైనా ఉంటుందా అని. కొత్తవలస వచ్చేసరికి నన్ను తిట్టుకోవడం మొదలైంది. నాకు నిజం చెబితే తట్టుకోలేనని నా కూతురు అనుకుందంటే, అలా అనుకునేలా బతికింది నేనే కదా. మా అక్క చెప్పింది వినే అమ్మ పక్కన లేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. నా కూతురికి అమ్మ ఉండి కూడా చెప్పుకునే వీలు లేకుండా చేశాను. ఇంతకంటే రాయలేను.

ఊరొచ్చిన మర్నాడు ఉమాపతి మావ అరుగు దగ్గరికెళ్ళాను. పక్షులకి వెదురు మంచెలు కట్టాలని పదిమంది కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మీ నాన్న వద్దని కళ్ళతో చెబుతూనే ఉన్నాడు. నేను నిలబడి మొత్తం చెప్పేశాను. ఆమదాలవలస, ఇంగువ, గునపం, పసుపునీళ్ళు, అన్నీ. నీ పేరు తియ్యలేదు, నీ అబద్ధం నీది, నా ఇంగువ నాది. ఎల్లాజీ, "అదన్నమాట వాసన" అన్నాడు. జగ్గమ్మ పిన్ని దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది.

"తప్పని ఒప్పుకున్నావు, మంచిదే. పచ్చులకి ఆ సోటు ఎవులిస్తారే?"

"నా పెరడే ఇస్తాను పిన్నీ. మంచెలన్నీ నా పెరట్లోనే కట్టండి."

ఉమాపతి మావ గొంతు సవరించుకున్నాడు. "కడతాం. సెట్టు కూడా నాటుతాం. అది గూడు మొయ్యాలంటే ముప్పై ఏళ్ళు. నాను సూడను. నువ్వు సూస్తావో నేదో. నీళ్ళు మాత్రం నువ్వే పొయ్యాల." నా వైపు చూడకుండా అన్నాడు: "వచ్చే ఏడు పసుపునీళ్ళు మాత్రం నువ్వు పొయ్యకూడదమ్మా. జగ్గమ్మ పోస్తాది."

సరే అన్నాను. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ఇరవయ్యారేళ్ళు ఆ పసుపునీళ్ళని విసుక్కుంటూ పోశాను, ఇప్పుడు వద్దంటే ఎందుకంత బాధ వేసిందో నాకే అర్థం కాలేదు. మీ నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు నేను బురద కప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. అంతే అన్నాడు. ఆయనకి అది చాలా పెద్ద మాట.

మంచెలు కట్టి వారమైంది. నాలుగు రోజులు ఒక్కటీ వాలలేదు. పాత చెట్టు ఉన్న చోట ఆకాశంలో గుండ్రంగా తిరిగి తిరిగి పక్కింటి చెట్టు మీదికి పోయేవి. ఐదో రోజున ఒకటి వాలింది. నిన్నటికి తొమ్మిదయ్యాయి. పుల్లలు మోసుకొస్తున్నాయి. నీ నోట్సు తీసి, నువ్వు ఆపేసిన పేజీ తరవాత పేజీలో తేదీ వేసి తొమ్మిది అని రాశాను. నా చేతిరాత నీదంత బాగోదు.

ఇప్పుడు విను. ఈసారి డాక్టరమ్మని నిజంగా అడుగు. పెరట్లో గూడబాతులున్న ఇంటికి, రెట్టా కంపూ ఉన్న ఇంటికి, నెలలు నిండకుండా పుట్టిన పసిదాన్ని తీసుకెళ్ళొచ్చా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆవిడ వద్దంటే నేనే చీర మూట కట్టుకుని కొత్తవలస వచ్చేస్తాను, మీ అత్తగారితో కలిసి ఒకే పొయ్యి మీద వండుతాను. పరవాలేదంటే వచ్చేయ్. ఏదైనా నాకు నిజమే రాయి.

ఈ పొద్దున్న తలుపు తీసేసరికి మళ్ళీ కంపు మొదలైంది. చీపురు పట్టుకుని బయటికెళ్ళాను.

నీ అమ్మ,
కూర్మమ్మ